మొక్కు లేని ప్రయాణం

హైదరాబాద్ మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఎల్బీనగర్. అక్కడి నుంచి ఒక రోడ్డు విజయవాడకు పోతుంది, ఇంకోటి నాగార్జునసాగర్‌కు. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. కండక్టర్ ఆధార్ కార్డు చూస్తాడు, జీరో టికెట్ కొడతాడు, ఎందుకు పోతున్నావని మాత్రం అడగడు. అడిగేది ఇల్లు. ‘నలుగురం కలిసి యాదగిరిగుట్టకు పోయొస్తం, రాత్రి అక్కడే నిద్ర చేస్తం’ అని కోడలు అంటే అత్తగారు తన పేరు మీద కూడా అర్చన చేయించమని డబ్బులు చేతిలో పెడుతుంది. అదే నలుగురు, అవే రెండు రోజులు. ‘సాగర్ పోయి డ్యాం చూసి, రాత్రి ముచ్చట్లు పెట్టుకొని ఆదివారం వస్తం’ అంటే మాత్రం వెంటనే వచ్చే మాట ‘మరి పిల్లలు?’ అని. గుట్టకు పోయినా పిల్లలు ఇంట్లోనే ఉండేవారు. వాళ్ళకు అన్నం పెట్టే మనిషి, పడుకోబెట్టే మనిషి అప్పుడూ కావలసిందే. వెళ్ళే చోట దేవుడున్నాడా లేడా అన్నదొక్కటే మారింది. కాబట్టి ఇది పైకి పిల్లల గురించిన ప్రశ్నలా కనిపిస్తున్నా, లోపల ధర్మం గురించిన ప్రశ్న. చిన్నపిల్లల తల్లి, పిల్లలు పుట్టాక మొదటిసారి, పుణ్యం పేరు చెప్పకుండా స్నేహితురాళ్ళతో రెండు రోజులు వెళ్ళిరావడం తప్పా? తప్పు కాదని నా అభిప్రాయం. మొక్కు పేరు పెట్టుకుని వెళ్ళడం కన్నా పెట్టుకోకుండా వెళ్ళడమే సత్యానికి దగ్గరని కూడా అంటాను. దీనికి ఒక షరతుంది. అది తల్లికి వర్తించే షరతు కాదు.

మన సంప్రదాయం తల్లిని గడపకు కట్టేసిందని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. చూస్తే అలా లేదు. అట్లతద్ది నాడు తెల్లవారకముందే లేచి అన్నం తిని, ఊయలలూగి, చంద్రుడు వచ్చేదాకా ఉపవాసముండే పండగ ఆడవాళ్ళది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలున్నాయి. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా ఆడవాళ్ళదే. రెండేళ్ళకోసారి మేడారం జాతరకు చంటిబిడ్డల తల్లులు కూడా అడవిదారి పట్టి పోతారు. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళడం ఆచారమే. అంటే ఆటకూ పాటకూ, నలుగురు ఆడవాళ్ళు కూడడానికీ, పని నుంచి విడుదలకూ పంచాంగంలోనే చోటుంది. ఒక్కటి గమనించాలి. ఈ సెలవుల్లో చాలావాటికి వెనక ఒక లెక్క ఉంటుంది. అట్లతద్ది ఫలం మంచి భర్త, అతని ఆయుష్షు. వరలక్ష్మీ వ్రతం ఫలం ఇంటి సౌభాగ్యం. స్త్రీకి వేరుగా యజ్ఞం లేదు, వ్రతం లేదు, ఉపవాసం లేదు, భర్త సేవ వల్లే ఆమెకు ఉన్నత లోకాలు అని మనుస్మృతి అయిదో అధ్యాయం అంటుంది. జనం ఆ మాటను అక్షరాలా పాటించలేదు. ఆడవాళ్ళు లెక్కలేనన్ని వ్రతాలు కల్పించుకున్నారు. అయితే స్మృతి తలుపు మూస్తే ఆడవాళ్ళు తెరుచుకున్న కిటికీకి ఇల్లు ఒక నియమం పెట్టింది: వెళ్ళు, ఆడు, పాడు, కానీ వచ్చేటప్పుడు మాకోసం ఏదైనా తీసుకురా. ప్రసాదం, పుణ్యం, మంగళసూత్రానికి బలం. చేతులూపుకుంటూ తిరిగొచ్చే ఆడదానికి ఈ ఏర్పాటులో స్థానం లేదు.

మగవాడి విషయంలో ఈ లెక్క ఇంత కచ్చితంగా అడగలేదు. వాత్స్యాయనుడి కామసూత్రం మొదటి భాగంలో నాగరకుడి దినచర్య ఉంది. మిత్రులతో గోష్ఠులు, కలిసి తాగడాలు, ఉద్యానయాత్రలు అక్కడ నాగరిక జీవితానికి అలంకారాలుగా వస్తాయి. ఉద్యానానికి పోతూ తండ్రి పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలో ఆ గ్రంథం చెప్పదు, ఆ ప్రశ్నే పుట్టదు. ఇక ధర్మమార్గంలో మగవాడి ప్రయాణం సంగతి. కార్తీకం వస్తే దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. నలభై ఒక్క రోజుల దీక్ష, ఆ తర్వాత గురుస్వామితో కలిసి బృందంగా శబరిమలకు ప్రయాణం. ఆ దీక్షలో నిష్ఠ నిజం, కష్టం నిజం. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ లౌకికంగా చూస్తే ఒక తండ్రి తోటి మగవాళ్ళతో కలిసి కొన్ని రోజులు ఊరు దాటుతున్నాడు. ఇంటి దగ్గర చిన్నపిల్లలున్నారు. దీక్షకాలమంతా మడివంట, వేళకు భిక్ష, శుభ్రమైన బట్టలు అన్నీ భార్య చేతి మీదే నడుస్తాయి. ‘మరి పిల్లలు?’ అని ఏ స్వామినీ ఎవరూ అడగరు. ఇంకా వెనక్కి పోతే సాగర్ నీటి మధ్య ద్వీపంలోని నాగార్జునకొండ మ్యూజియం ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీస్తుశకం మూడు నాలుగు శతాబ్దాల్లో, పాలరాతిలాంటి సున్నపురాతి మీద చెక్కిన బుద్ధకథల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టముంది. అప్పుడే పుట్టిన రాహులుణ్ణీ నిద్రపోతున్న భార్యనూ వదిలి వెళ్ళిన ఆ రాత్రికి బౌద్ధం మహాభినిష్క్రమణమని పేరు పెట్టింది. లోకానికి దానివల్ల మేలు జరిగింది కాబట్టి తప్పు పట్టలేం. కానీ అదే రాత్రి యశోధర లేచి వెళ్ళిపోయి ఉంటే శిల్పి ఉలి పట్టేవాడా? అన్నట్టు మూసారాంబాగ్ పేరే ఇల్లు వదిలి సముద్రాలు దాటి వచ్చిన ఒక మగవాడిదంటారు. నిజాం సేనకు నాయకత్వం వహించి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్‌ను హిందువులు మూసారాం అనీ, ముస్లింలు మూసారహీం అనీ పిలుచుకున్నారు. ఆయన సమాధి దగ్గరలోని ఆస్మాన్‌గఢ్ గుట్ట మీదే ఉంది.

నాగార్జునకొండ గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడి మహాచైత్యానికి ప్రధాన దాత రాజు కాదు, రాజు మేనత్త శాంతిశ్రీ. ఆ రాజు వీరపురుషదత్తుడి కాలంలో ఆమె, ఇంకా ఎందరో రాజవంశపు స్త్రీలు అక్కడ స్తంభాలెత్తించి శాసనాలు వేయించారు. శాంతిశ్రీ శాసనం పుట్టిల్లు, మెట్టినిల్లు రెండింటి మేలూ కోరుతుంది. దాంతోపాటు తనకు నిర్వాణం కలగాలనీ కోరుతుంది. పదిహేడు వందల ఏళ్ళ కింద, ఈ నేల మీద, కూతురిని పెంచి పెళ్ళి చేసిన ఒక గృహిణి తనకోసం తాను ఒకటి కావాలని రాతి మీద చెక్కించుకుంది. రెండు కుటుంబాల మేలు పక్కనే తన కోరికను కూడా పెట్టడానికి ఆమె సిగ్గుపడలేదు, చెక్కినవాడూ అభ్యంతరం చెప్పలేదు. ఇంటివాళ్ళకోసం అడగడమే ఆడదాని భక్తి అన్న భావన అనాదిగా వచ్చిందనేవాళ్ళు ఒకసారి సాగర్‌లో లాంచీ ఎక్కి ఆ రాళ్ళను చూసి రావచ్చు. స్నేహితురాళ్ళతో వెళ్తే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. తల్లి దైవమని మనం అంటాం. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో తల్లిని దేవతగా చూసుకోమన్న ఉపదేశముంది. అది ఎవరికి చెప్పింది? చదువు ముగించుకుని ఇంటికి బయల్దేరుతున్న శిష్యుడికి. అంటే ఆ ఉపదేశం బిడ్డ మీద పెట్టిన బాధ్యత. క్రమంగా మనం దాన్ని తిప్పి తల్లి మీద పెట్టాం. నువ్వు దేవతవి గనక నీకు అలసట ఉండకూడదు, సెలవు ఉండకూడదు, నిన్ను నువ్వు మరిచిపోవాలి అన్నాం. వాదం కోసం అదే ఒప్పుకుందాం. దేవతలకైనా సెలవు లేదా? ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు జగత్పాలకుడైన విష్ణువు యోగనిద్రకు వెళ్తాడు, మళ్ళీ లేచేది కార్తీకంలో. నాలుగు నెలలు! లోకం దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. తిరుమలలో ప్రతి రాత్రీ ఏకాంతసేవ చేస్తారు, తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు, స్వామిని పడుకోబెట్టి తలుపు వేస్తారు. ఎంత వరస ఉన్నా భక్తులు తెల్లవారి సుప్రభాతం దాకా ఆగాల్సిందే. హైదరాబాద్ నగరానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం బోనాలు. జగన్మాత ఆషాఢంలో పుట్టింటికి వస్తుందని ఇక్కడి జనం నమ్మకం. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికీ, లాల్‌దర్వాజకూ ఆ సందడి సాగుతుంది. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు అన్నం వండి నెత్తిన పెట్టుకుని తీసుకెళ్తారు. అన్ని లోకాల తల్లి పుట్టింటికొస్తే ఆ లోకాలను ఎవరు చూసుకుంటున్నారని బోనమెత్తిన ఏ ఆడమనిషీ అడగలేదు. యోగనిద్ర మన నిద్రలాంటిది కాదు, ఆ నిద్రలోనూ స్వామి లోకాన్ని కనిపెట్టే ఉంటాడని పండితులు అంటారు. సరే. సాగర్ గెస్ట్‌హౌస్‌లో పడుకున్న తల్లి నిద్ర కూడా అలాంటిదే, రాత్రి పదికి వీడియో కాల్ చేసి పాలు తాగారా అని అడగకుండా ఆమె కన్ను మూతపడదు.

బయటివాళ్ళ మాటల కన్నా లోపలి ముల్లే ఎక్కువ బాధిస్తుందని ఇలా వెళ్ళిన తల్లులు చాలామంది ఒప్పుకుంటారు. బస్సు ఎక్కగానే గుండె పీకుతుంది. ఆ బాధను అంతరాత్మ ప్రబోధమని, అంటే ధర్మమే లోపలి నుంచి హెచ్చరిస్తోందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ భగవద్గీతను కాస్త జాగ్రత్తగా వాడుకోవాలి. పనులు ప్రకృతి గుణాల వల్ల సాగుతుంటే అహంకారం కమ్మినవాడు తానే కర్తనని భ్రమపడతాడని మూడో అధ్యాయం చెబుతుంది. ఆ లెక్కన ‘నేను లేకపోతే ఇల్లు ఆగిపోతుంది’ అనే తలపు కర్తృత్వ భ్రమే. దాన్ని వదులుకోవాలి, రెండు రోజులు దూరంగా ఉండటం అందుకు మంచి సాధన. ఇంతవరకూ బాగానే ఉంది, ప్రవచనకారులు కూడా చప్పట్లు కొట్టిస్తారు. కానీ ఈ భ్రమ ఎక్కడిది? జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ 2024లోనూ జరిపిన కాలవినియోగ సర్వేలు చూడండి. ఇంటి పనిలో చెయ్యిపెట్టే ఆడవాళ్ళు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు, మగవాళ్ళు 97. 2024 నాటికి ఆడవాళ్ళు 289, మగవాళ్ళు 88. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గింది, సంతోషమే. మగవాళ్ళు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. రోజుకు అయిదు గంటలకు దగ్గరగా తానే చేసే మనిషి ‘నేను చేయకపోతే జరగదు’ అనుకుంటే అది భ్రమ ఎలా అవుతుంది? అది లెక్క. గీత చెప్పిన అహంకారం ఆమె మనసులో పుట్టలేదు, ఇంటిల్లిపాదీ పని పంచుకున్న తీరులో పుట్టింది. పదమూడో అధ్యాయం జ్ఞానానికి లక్షణాలు చెబుతూ కొడుకు, భార్య, ఇల్లు వంటివాటికి అంటుకుపోకుండా ఉండటాన్ని అందులో చేర్చింది. ఆ వరసలో భార్య ఉంది, భర్త లేడు. వింటున్నవాడు మగవాడని ముందే నిర్ణయమైపోయింది. అతనికి వైరాగ్యం సులభం, అతను వదిలిన పని ఇంకొకరు అందుకుంటారు. తల్లికి వైరాగ్యం నేర్పే ముందు ఆమె చేతిలోని పని అందుకునేదెవరో చూపించాలి. కాబట్టి గుండె పీకడాన్ని ధర్మదేవత గొంతు అనుకోవడానికి లేదు. అందులో ప్రేమ ఉంది, నిజమే. ఆ ప్రేమతో కలగలిసిపోయి చాలా ఏళ్ళ పని భారం కూడా ఉంది, ఏది ఏదో ఆమెకే విడదీసి చెప్పడం కష్టం.

దీనికి బలమైన ఆక్షేపణ శాస్త్రం వైపు నుంచి వస్తుంది. ధర్మం సంగతి సరే, చిన్నపిల్లలకు తల్లి ఎడబాటు హాని చేయదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో పసివయసులో తల్లి ప్రేమ కరవైతే మనసు ఎంత దెబ్బ తింటుందో రాశాడు. అతని సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో తీసిన సినిమాలో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాప ముఖం చూసినవాళ్ళు మరిచిపోలేరు. పిల్లల వార్డుల్లో తల్లుల్ని ఉండనివ్వాలన్న మార్పు వెనక ఆ సినిమా పాత్ర ఉంది. అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. రాబర్ట్‌సన్ దంపతులు 1960ల చివరలో మళ్ళీ కెమెరా పట్టారు. తల్లి కాన్పుకు వెళ్ళినప్పుడు కొందరు పిల్లల్ని ముందే మచ్చిక చేసుకుని, తమ ఇంట్లో వాళ్ళ అలవాట్లు మార్చకుండా పెట్టుకున్నారు. ఆ పిల్లలు అమ్మ కోసం చూశారు, కొంచెం చికాకు పడ్డారు, కానీ తట్టుకున్నారు. అదే సమయంలో పదిహేడు నెలల జాన్ అనే బాబు తొమ్మిది రోజులు ఒక శిశుసదనంలో ఉన్నాడు. అక్కడ ఆయాలు డ్యూటీలు మారుతుంటారు, ఎవరి ఒళ్ళో కూర్చోవాలో వాడికి తెలియదు. వాడు కుప్పకూలిపోయాడు. తల్లి అందరికీ దూరమైంది. తేడా వెనక మిగిలిన మనుషుల్లో ఉంది. మనోవైద్యుడు మైకేల్ రట్టర్ 1972లో ఈ పరిశోధనలన్నిటినీ తిరగేసి, ఎడబాటు, లేమి రెండూ ఒకటి కావనీ, పసివాడు ఒకరికన్నా ఎక్కువ మందితో గట్టి బంధం కట్టుకోగలడనీ తేల్చాడు. మానవజాతి పసిపిల్లల్ని ఏ కాలంలోనూ ఒక్క తల్లే పెంచలేదని, అమ్మమ్మలూ పిన్నులూ తండ్రులూ అక్కలూ కలిసి పెంచారని మానవశాస్త్రవేత్త సారా హర్డీ 2009లో ఒక పెద్ద పుస్తకమే రాసింది. మన పల్లెల్లో వాకిళ్ళు చూసినవాళ్ళకు అది కొత్త సంగతి కాదు. కాబట్టి అడగాల్సింది ‘తల్లి ఎన్ని గంటలు లేదు’ అని కాదు, ‘ఉన్నవాళ్ళు ఆ బిడ్డకు ఎంత తెలుసు’ అని. దీనికి హద్దులున్నాయని ఒప్పుకుంటాను. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ వయసు బిడ్డ తల్లి రాత్రుళ్ళు దూరంగా ఉండే యాత్ర పెట్టుకోదు, పెట్టుకోమని నేనూ అనను. జ్వరంతో ఉన్న పిల్లాడిని వదిలి వెళ్ళమనీ అనను. అసలు వెళ్ళాలనిపించని తల్లిని వెళ్ళమనడం కూడా మరో రకం దౌర్జన్యం. కానీ మూడేళ్ళ పిల్లాడు శనివారం రాత్రి అమ్మ కావాలని ఏడిస్తే, ఆ ఏడుపు తండ్రి భుజం మీద ఆగగలిగితే, వాడికి జరిగింది నష్టం అని ఈ పరిశోధనలేవీ చెప్పలేదు.

మతాలకు కూడా ఈ సంగతి తెలుసు. దేవకి కన్న కృష్ణుణ్ణి పెంచింది యశోద. పోతన భాగవతం చదివిన తెలుగువాళ్ళు తల్లి అంటే ముందు యశోదనే తలుచుకుంటారు. మాయాదేవి చనిపోతే సిద్ధార్థుణ్ణి పెంచింది పినతల్లి ప్రజాపతి గౌతమి. ముహమ్మద్ ప్రవక్త పసితనంలో హలీమా దగ్గర ఎడారి గుడారాల్లో పెరిగారని ముస్లింల చరిత్ర చెబుతుంది, అలా పంపింది కన్నతల్లి ఆమినానే. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం ఎనిమిదో పుస్తకంలో స్నేహం గురించి చెబుతూ, స్నేహమంటే ప్రేమను అందుకోవడం కన్నా ఇవ్వడంలో ఎక్కువగా ఉంటుందని నిరూపించడానికి ఎంచుకున్న ఉదాహరణ ఇదే. కొందరు తల్లులు బిడ్డల్ని పెంచడానికి ఇతరులకు ఇచ్చి, వాళ్ళు బాగున్నారని తెలిస్తే చాలునని ప్రేమిస్తూనే ఉంటారట. ఇవన్నీ విపరీత పరిస్థితులు, ఏళ్ళ తరబడి ఎడబాట్లు. వాటిలోనే తల్లి ప్రేమకు లోటు రాలేదని మన పవిత్ర కథలు చెబుతుంటే, శనివారం పొద్దున వెళ్ళి ఆదివారం రాత్రికి వచ్చేదానికి లోటు వస్తుందనడం విచిత్రం.

అయితే స్నేహితురాళ్ళే ఎందుకు, పుట్టింటికి వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళొచ్చు, కానీ అది వేరే విషయం. పుట్టింటికి పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్తుంది. అక్కడ ఆమె కూతురు, ఆడపడుచు. అమ్మ మోకాళ్ళ నొప్పులు, నాన్న బీపీ మాత్రలు, వదినతో మాట జారకుండా చూసుకోవడం ఆమె కోసం ఎదురుచూస్తుంటాయి. చుట్టరికం ఉన్న ప్రతి చోటా బాధ్యత కూడా ఉంటుంది, అది న్యాయమే. స్నేహం ఒక్కటే ఆ బాధ్యతల పట్టీలో లేని బంధం. ఇక్కడ మన సంప్రదాయంలో ఒక విచిత్రముంది. సప్తపదిలో ఏడో అడుగు సఖ్యం కోసం. వరుడు వధువును స్నేహితురాలివి కమ్మని కోరతాడు. ఆ అడుగుతోనే వధువు అంతకుముందు స్నేహాలు తెగిపోతాయి. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయల్దేరుతూ అనసూయ, ప్రియంవదలు తనతో రారా అని అడుగుతుంది. వీళ్ళకూ పెళ్ళి చేయాలి, అక్కడికి రావడం తగదు అంటాడు కణ్వుడు. ఆ అంకం తర్వాత నాటకంలో ఆ ఇద్దరూ మళ్ళీ కనిపించరు. రాజసభలో దుష్యంతుడు ఈమె ఎవరో నాకు తెలియదన్నప్పుడు, ఉంగరం సంగతీ శాపం సంగతీ తెలిసిన ఆ స్నేహితురాళ్ళలో ఒక్కరున్నా కథ మరోలా నడిచేది. కణ్వుడి ఆక్షేపణ ఆ రోజుకు మర్యాద, కానీ ఆ మర్యాదకు మూల్యం చెల్లించింది శకుంతల. మగవాడి స్నేహాలకు పెళ్ళి అడ్డుకాదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కలిసి చదువుకున్న మగపిల్లలు నలభై ఏళ్ళు వచ్చినా ఇరానీ హోటల్లో చాయ్ దగ్గర కలుస్తారు. అక్కడి హాస్టళ్ళలో ఒకే గదిలో ఉండి, ఒకే పరీక్షకు చదివిన ఆడపిల్లలు వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుకుంటూ మిగిలిపోతారు. పెళ్ళికి ముందు తనెవరో తెలిసిన సాక్షులు వాళ్ళే. తల్లి అనే పేరుకు వెనక ఉన్న మనిషిని వాళ్ళతో కలిసి రెండు రోజులు తిరిగి చూసుకోవాలనుకోవడం నాలుగు పురుషార్థాల్లో ఒకటైన కామానికి చెందిందే, అంటే ధర్మానికి లోబడి అనుభవించదగిన ఇష్టానికి.

లౌక్యం తెలిసినవాళ్ళు ఇక్కడ చిరునవ్వుతో ఒక సలహా ఇస్తారు. ఇంత గొడవెందుకు, గుట్టకు పోతున్నామని చెప్పి సాగర్ కూడా చూసి రండి, దేవుడు కూడా కాదనడు. తరాలుగా ఆడవాళ్ళు ఈ ఉపాయంతోనే ఊపిరి పీల్చుకున్నారు, వాళ్ళను నిందించే హక్కు ఎవరికీ లేదు. నిజంగా మొక్కు ఉండి, నిజంగా భక్తితో వెళ్ళేవాళ్ళ ప్రయాణం వేరు, దాని జోలికి నేను పోవడం లేదు. మొక్కు లేకుండా మొక్కును సాకు చేసుకోవడం గురించే నా అభ్యంతరం. మొదటి కారణం దేవుడికి సంబంధించింది. దేవుణ్ణి అనుమతి చీటీగా వాడుకుంటే భక్తి పలుచబడుతుంది, గుడి గేట్‌పాస్ అవుతుంది. రెండో కారణం ఇంట్లో వింటున్న ఆడపిల్లకు సంబంధించింది. అమ్మకు తనకోసం ఏదైనా కావాలంటే దానికి దేవుడి పేరో, తమ్ముడి పేరో, నాన్న పేరో పెట్టాలని ఆ పిల్ల ఆరేళ్ళకే నేర్చుకుంటుంది. వింటున్న కొడుకు ఇంకోటి నేర్చుకుంటాడు: ఆడవాళ్ళ కోరికలకు కారణం చూపించాలి, తన కోరికలకు అక్కర్లేదు. ధర్మబోధ ఇంట్లో ఇలాంటి చిన్న మాటల్లోనే జరుగుతుంది, ఏ వేదికా అక్కర్లేదు.

ఇక నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఆక్షేపణ. ఇది తీరికున్నవాళ్ళ గోల కాదా? మూసారాంబాగ్ అపార్ట్‌మెంట్ తల్లి సాగర్ వెళ్తే, ఆ రెండు రోజులూ అదనంగా వచ్చి పిల్లలకు వండిపెట్టేది మూసీ ఒడ్డు బస్తీ నుంచి వచ్చే పనిమనిషి. ఆమె పిల్లల్ని ఎవరు చూస్తారు? లేదంటే అరవై దాటిన అత్తగారు, ముప్పై ఏళ్ళు ఒక్క సెలవు లేకుండా కొడుకుల్ని పెంచినావిడ, మళ్ళీ నడుం వంచాలి. ఈ ఆక్షేపణలో నిజముంది, దీనికి సమాధానం చెప్పకుండా తల్లి స్వేచ్ఛ గురించి ఎంత మాట్లాడినా వ్యర్థం. ఒక ఆడదాని సెలవు ఇంకో ఆడదాని ఓవర్‌టైం అయితే ధర్మానికి ఒరిగేదేమీ లేదు. మొదట నేను చెప్పిన షరతు ఇదే, అది పడేది తండ్రి మీద. ఆ రెండు రోజుల పని అతను అందుకోవాలి, ‘సాయం’ చేస్తున్నట్టు కాకుండా తన పనిగా. పెరుగన్నం ఎవరికి, చపాతీ ఎవరికి, దగ్గు సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు, రాత్రి ఏ దుప్పటి లేకపోతే చిన్నది పడుకోదు, సోమవారం స్కూలుకు ఏ రంగు బట్టలు — ఇవన్నీ భార్య రాసిపెట్టిన చీటీ చూడకుండా అతనికి తెలియాలి. తెలియకపోతే ఆ అజ్ఞానం రెండు రోజుల్లో పుట్టింది కాదు, పిల్లలు పుట్టిన నాటి నుంచీ ఉన్నదే, ఇప్పుడు బయటపడిందంతే. రాబర్ట్‌సన్ల పరిశోధన చెప్పినట్టు పిల్లవాడికి రక్ష, మిగిలినవాళ్ళకు వాడు ఎంత తెలుసన్నదే. అంటే శుక్రవారం రాత్రి తండ్రి నేర్చుకునే పాఠం కాదిది, ముందు నుంచీ వాడి పక్కన ఉండి ఉండాలి. బస్తీ తల్లి విషయంలో మహాలక్ష్మి ఒక మేలు చేసింది, ఛార్జీ అడ్డు తీసేసింది. పనికి రాకపోతే కూలి పోతుందన్న అడ్డు అలాగే ఉంది. ఇంట్లో పనిచేసే మనిషికి వారానికి ఒక రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వని యజమానురాలికి తన సెలవు గురించి ధర్మశాస్త్రం మాట్లాడే నైతిక బలం తక్కువే.

చివరగా ఒక మాట వినిపిస్తుంది, అందులో ఆక్షేపణ కన్నా భయమే ఎక్కువ. ఒకసారి పంపితే మళ్ళీ అడుగుతుంది, ఏటా అడుగుతుంది. అడుగుతుంది, ఎందుకడగదు? ఇక్కడ పోలిక కోసం దూరం పోనక్కర్లేదు. శబరిమలకు వరసగా పద్దెనిమిదేళ్ళు వెళ్ళిన స్వామి ఆ ఏడు కొబ్బరిమొక్క తీసుకెళ్ళి అక్కడ నాటే ఆచారముంది, అప్పటి నుంచి అతను గురుస్వామి. పద్దెనిమిదేళ్ళలో అతని పిల్లలు పుట్టి, పెరిగి, ఇంటర్ పూర్తి చేసి ఉంటారు. ప్రతి ఏటా అతను లేని రోజుల్లో వాళ్ళను ఎవరో ఒకరు నిద్రపుచ్చారు, స్కూలుకు పంపారు. అతని పితృప్రేమను ఆ లెక్కతో ఎవరూ కొలవలేదు, కొలవకపోవడం సబబే.